జీపు వణకలేదని తేల్చిన విధము

ప్రభుత్వ వస్తువు ఏదీ తనంతట తాను చెడిపోదు. కుర్చీ కాలు విరిగిందంటే దాని మీద ఎవరో కూర్చున్నారని అర్థం. గోడ గడియారం ఆగిందంటే దానికేసి ఎవరో మరీ తరచుగా చూశారని అర్థం. కాబట్టి ప్రభుత్వ వస్తువుకు జబ్బు చేసినప్పుడు ఏమైందని అడగడం అమాయకత్వం; ఎవరని అడగాలి. ఈ సూత్రం తెలియని జనం ఉండబట్టే లోకంలో ఇంతమంది మెకానిక్కులు బతుకుతున్నారు.

బోధన్‌లోని మా చెరకు పర్యవేక్షణ కార్యాలయానికి అరవై నాలుగులో ఒక జీపు వచ్చింది. అది ప్రపంచ యుద్ధం చూసిన జీపు. యుద్ధం అయ్యాక అడవుల శాఖలో, ఆ పైన పశువుల శాఖలో పనిచేసింది. మా దగ్గరికి చేరేసరికి దానికి యుద్ధమే నయమనిపించి ఉండాలి. మా అధికారి సిద్దిరాములు గారు దాన్ని ‘చక్కని స్థితిలో ముట్టినది’ అని రాసి సంతకం చేసి పుచ్చుకున్నారు. (జీపును ఆవరణలోకి నలుగురం తోసుకొచ్చాం. ఆయన సంతకం పెట్టింది ఆ తర్వాతే.)

మిలిటరీ జీపు గనుక దాని స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. మన దగ్గర ఏ బండికైనా డ్రైవరు కూర్చునేది కుడివైపు. అందువల్ల మా జీపులో డ్రైవరు హనోకు ఎడమవైపు కూర్చుని నడిపితే, సిద్దిరాములు గారు కుడివైపు కూర్చుని దర్జాగా రోడ్డును చూసేవారు. ఎదురొచ్చే వాళ్లకు మాత్రం సిద్దిరాములు గారే జీపు నడుపుతున్నట్టు కనబడేది. మొదట్లో ఇది ఎవరికీ నష్టం కలిగించలేదు.

నష్టమల్లా వణుకుతో మొదలైంది. జీపు ముప్పై మైళ్ల వేగం దాటాక చక్రం గుంతలో పడిందా, స్టీరింగు గట్టున పడ్డ చేపలా కొట్టుకునేది. ముందు చక్రాలు రెండూ ‘వద్దు వద్దు’ అన్నట్టు అడ్డంగా తలలూపేవి. జీపు రోడ్డుకు ఆ అంచు నుంచి ఈ అంచుకు ఊగేది. పూర్తిగా ఆపితే తప్ప ఆగేది కాదు; ఆగాక ఏమీ ఎరగనట్టు నిలబడేది.

దీనికి హనోకు ఒక నాటు వైద్యం కనిపెట్టాడు. ముందు బంపరు మీద ఒక చెరకు మోపు కట్టేవాడు. ఆ బరువుకు చక్రాలు అణిగి ఉండేవి. వైద్యం మంచిదే గాని, చెరకు కనబడితే గుంజుకోవడం బోధన్ చుట్టుపక్కల జనానికి పుట్టుకతో వచ్చిన హక్కు. బండి వెనక నడుస్తూ గడ గుంజుకున్న వాడిని దొంగ అనరు. గుంజుకోని వాడికి పళ్లు లేవంటారు. జీపు నెమ్మదించిన ప్రతిచోటా రెండేసి గడలు పోయేవి. రోడ్డు కింద కాలువ పారే ఎడపల్లి మోరీ దగ్గరికి వచ్చేసరికి బంపరు మీద తాడు మాత్రం మిగిలేది. సరిగ్గా ఆ మోరీ పక్కనే గుంత.

ఒకనాడు పొద్దున ఆ గుంతలో పడ్డ జీపు ఊగుతూ పోయి, చెరకు బండి తోలుకొస్తున్న ఆశన్న అనే రైతు ముందు ఆగింది. ఎడ్లు బెదిరి బండిని కాలువలోకి దించాయి. ఆశన్నకు దగ్గరగా ఉన్నది కుడివైపు కూర్చున్న సిద్దిరాములు గారు.

“ఏం సారూ, ఇంక పొద్దన్న సక్కగ ఎక్కలే, నీకు గప్పుడే ఎక్కిందా?”

“నేను నడ్పుతలేనయ్యా!” అన్నారు సిద్దిరాములు గారు, రెండు చేతులూ పైకెత్తి చూపిస్తూ.

“చేతులిడిశిపెట్టి నడ్పుతున్నవా? గందుకే గిట్లున్నది!”

వారం తిరగకుండా నిజామాబాద్‌లోని పై కార్యాలయానికి అర్జీ చేరింది. సిద్దిరాములు సారు పొద్దున్నే తాగి జీపు నడుపుతున్నాడనీ, రైతుల చెరకు ముందర కట్టుకుని పోతున్నాడనీ దాని సారాంశం. సిద్దిరాములు గారు చాయ్ కూడా తాగని మనిషి. అయినా తాగానన్న మాటను ఆయన ఓర్చుకున్నారు. “నన్ను డ్రైవరన్నరు సూడు,” అని మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

జీపు ఎందువల్ల ఊగెనో విచారించి తెలపవలసిందని పైనుంచి ఉత్తరువు వచ్చింది. వెంటనే ముగ్గురు సభ్యుల కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు సిద్దిరాములు గారు. (ఘటనకు ఆయనంత దగ్గరగా మరెవరూ లేరు.) రోడ్డు సంగతి చూడడానికి రోడ్ల ఓవర్సీరు నర్సింలు గారు. తాగుడు సంగతి చూడడానికి డాక్టరు జీవరాజు గారు. బి.ఏ. చదివినవాణ్ని గనుక రాతకోతలకు నన్ను వేశారు.

ఇక్కడ హనోకు సంగతి కొంత చెప్పాలి. అతను ఐదేళ్లుగా తాత్కాలిక డ్రైవరు. అతన్ని పర్మనెంటు చేసే కాగితం నిజామాబాద్‌లో సంతకం కోసం ఎదురుచూస్తున్నది. అది వస్తే మా ఆఫీసు వెనక ఉన్న రేకుల గది అతనికీ, భార్య కమలమ్మకీ ఉంటుంది. రాకపోతే ఉద్యోగమూ గదీ రెండూ పోతాయి. అందువల్ల జీపుకు ఏమైందో తేలాలని అందరికంటే ఎక్కువగా కోరుకున్నది అతనే. పాపం, తేలడం అంటే ఏమిటో అతనికి తెలియదు.

మొదటి సమావేశం జీపు దగ్గరే జరిగింది. హనోకు ముందు చక్రాన్ని జాకీ మీద లేపాడు.

“సార్, గీ చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి ఏశి ఊపుండ్రి.”

నర్సింలు గారు ఊపారు. లోపల టక్కు టక్కుమంది.

“ఇనవడ్డదా సార్? బుష్షులు అరిగినయ్. నిజామాబాద్‌ల దొర్కుతయ్. ఏశినమంటె ఒక్క పూట పని.”

ఇది కొత్త సంగతేమీ కాదు. చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచే బుష్షులు అరిగాయని నాకు తెలుసు, నర్సింలు గారికి తెలుసు, గేటు ముందు సైకిళ్లకు గాలి కొట్టేవాడికి తెలుసు. కాని తెలియడం వేరు, నిర్ధారించడం వేరు.

“ఎప్పుడు అరిగినయ్?” అన్నారు సిద్దిరాములు గారు.

“మనకు రాకముందే అరిగినయ్ సార్.”

“చక్కగున్నదని నేను దస్కతు పెట్టిన గద. నా దస్కతు అబద్ధమా?”

“దస్కతు మంచిగనే ఉన్నది సార్. బుష్షే...”

నర్సింలు గారు చక్రం వదిలి చేతులు దులుపుకున్నారు. “మనల్ని అడిగింది వణుకు గురించి. ఇది సప్పుడు. సప్పుడు మన కమిటీ కిందికి రాదు.”

చప్పుడు కమిటీ పరిధిలోకి రాదని రాసుకున్నాను.

“పోనీ సార్,” అన్నాడు హనోకు. “గా మోరీ కాడ గుంత పూడిస్తె గూడ సగం తక్వైతది. అండ్ల వడితేనే షురువైతది.”

ఈసారి నర్సింలు గారి ముఖం మారింది. “గా గుంత పూడ్సినమని పోయినేడే రిపోర్టు పోయింది. మళ్ల ఉన్నదంటె ఎట్లుంటదయ్యా?”

ఆ విధంగా మొదటి సమావేశంలోనే జీపూ రోడ్డూ రెండూ నిర్దోషులుగా తేలాయి. అధ్యక్షుల మీద అనుమానం ఎలాగూ లేదు. అయినా కమిటీ తొందరపడలేదు. జీపును నడిపి చూడాలని నిర్ణయించింది.

పరీక్ష రోజున కమిటీ మొత్తం జీపులో కూర్చుంది. చెరకు మోపు సాక్ష్యాన్ని తారుమారు చేస్తుందని ఆఫీసు దగ్గరే దింపించారు. హనోకు పదిహేను మైళ్ల వేగంతో పోనిచ్చాడు. జీపు పెళ్లిపల్లకిలా సాగింది.

“సూశిండ్రా?” అన్నారు సిద్దిరాములు గారు. “ఏడున్నది వణుకు?”

“ముప్పై దాటాలె సార్.”

“సర్కారు జీపు ఇర్వై ఐదు దాటొద్దని రూలు. నువ్వు ముప్పై ఎట్ల పోయినవ్?”

“మీరే సార్, జెల్ది పోనీ, జెల్ది పోనీ అన్నరు.”

సిద్దిరాములు గారు ఒకసారి సర్దుకుని కూర్చున్నారు. తర్వాత అధ్యక్షులు విచారణ నిమిత్తం రూలును తాత్కాలికంగా సడలించారు. హనోకు పెడలు తొక్కాడు. ముల్లు ముప్పై దాటింది. ఎడపల్లి మోరీ వచ్చింది. లేని గుంతలో జీపు పడింది.

ఆ తర్వాతి కొద్ది క్షణాల గురించి కమిటీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. డాక్టరు గారి సంచీ నా ఒళ్లోకి వచ్చింది. నర్సింలు గారూ వచ్చారు. సిద్దిరాములు గారు ముందున్న కమ్మీ పట్టుకుని కొమురెల్లి మల్లన్నకు ఏదో మొక్కారు. (ఏమి మొక్కారో తర్వాత అడిగితే చెప్పలేదు.) హనోకు పళ్లు బిగించి, స్టీరింగును కౌగిలించుకున్నట్టు పట్టి, జీపును రోడ్డు పక్కన ఆపాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు.

అందరం దిగి నిలబడ్డాం. ఫ్యాక్టరీ దగ్గర చెరకు దింపి ఖాళీ బండితో ఇంటికి పోతున్న ఆశన్న మమ్మల్ని ఒకసారి చూసి, ఎడ్లతో అన్నాడు.

“ఇయ్యాల్ల అందరు తాగిండ్రురా.”

డాక్టరు జీవరాజు గారికి ఏదో తోచింది. “హనోకూ, చేతులు చాపు.”

హనోకు చాపాడు. చేతులు వణుకుతున్నాయి.

“చేతులు వణుకుతున్నయ్!” అన్నారు డాక్టరు గారు.

“మీయి గూడ వణుకుతున్నయ్ సార్.”

“నాయి స్టీరింగు పట్టలే.”

దాంతో కమిటీకి దారి కనబడింది. వణుకు పుట్టేది చేతుల్లో. అక్కడి నుంచి స్టీరింగు కడ్డీ గుండా చక్రాలకు దిగుతుంది. హనోకు ఎక్కనప్పుడు జీపు నిశ్చలంగా నిలబడడమే దీనికి రుజువు. (డాక్టరు గారూ హనోకూ ఒకే చర్చికి పోతారు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చెయ్యి కలిపినప్పుడు అది వణికిందా అని నేను అడిగాను. అది సహోదరుడి చెయ్యి అనీ, ఇది డ్రైవరు చెయ్యి అనీ ఆయన వివరించారు.) డాక్టరు గారు అక్కడికక్కడే బానెట్టు మీద కాగితం పెట్టి సర్టిఫికెట్టు రాసిచ్చారు. సంతకం వంకరటింకరగా వచ్చింది. డాక్టర్ల సంతకం ఎప్పుడూ అంతే గనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఇందులో ఎవరికీ అన్యాయం జరగలేదని గమనించాలి. సిద్దిరాములు గారు తాగలేదు. గుంత లేదు. బుష్షులు చక్కగా ఉన్నాయి. హనోకుది కూడా తప్పు కాదు, జబ్బు. అందువల్ల అతనికి శిక్ష వేయలేదు. వైద్య కారణాల మీద విశ్రాంతి ఇచ్చారు. అతను మంచి పనిమంతుడని ప్రత్యేకంగా రాయమని అధ్యక్షులే నాకు చెప్పారు. పర్మనెంటు కాగితం వచ్చిన దారినే వెనక్కి పోయింది.

మర్నాడు కమలమ్మ ఆఫీసుకు వచ్చింది.

“సారూ, గా చేతులతోటే పొద్దుగాల బాయి కాడికెళ్లి బిందె తెచ్చిండు. సుక్క ఒలకలే.”

“బిందె వేరమ్మా, స్టీరింగు వేరు.”

“మరి గాయినకే రోగమైతే, నువ్వు రొండు చేతులు పైకి లేపి కూసున్ననాడు గూడ జీపును ఆపింది గాయినే గద?”

సిద్దిరాములు గారు ఆ ప్రశ్నను విననట్టు ఫ్యాను వైపు చూశారు. మనిషి మంచివారే. కాసేపటికి తామే అన్నారు. “సూడమ్మా, ఇది రోగం. రోగమన్నంక తగ్గుతది. చేతులు మంచిగైనయని డాక్టరుతోని రాయించుకొని రా. మళ్ల తీస్కుంట.”

“ఒట్టేనా సారూ?”

“ఒట్టెందుకు, రూలే ఉన్నది.”

వాళ్లు రేకుల గది ఖాళీ చేశారు. కమలమ్మ సామానంతా కట్టింది గాని, గోడకున్న సిలువ పటాన్ని మాత్రం తీయలేదు. మళ్లీ వచ్చేదే గద, మేకు ఎందుకు పీకాలి అన్నది. హనోకు ఫ్యాక్టరీ దగ్గర చెరకు దింపే కూలికి కుదిరాడు.

కొత్త డ్రైవరు పోశన్న వచ్చాడు. రెండో వారంలోనే అతని చేతులు వణకసాగాయి. డాక్టరు గారు దీని మీద లోతుగా ఆలోచించి, హనోకు జబ్బు స్టీరింగుకు అంటుకుని ఉంటుందన్నారు. స్టీరింగును ఫినాయిలుతో కడిగించాం. దాంతో వణుకు తగ్గలేదు గాని, వణుకు పుట్టినప్పుడు ఆస్పత్రి వాసన రావడం వల్ల జీపులో ఉన్నవాళ్లకు కొంత ధైర్యంగా ఉండేది. పోశన్న తెలివైనవాడు. ఇరవై మైళ్లు దాటించడం మానేశాడు. నిజామాబాద్ మీటింగులకు మేము వెళ్లేసరికి అవి అయిపోయేవి. అందువల్ల మా మీద ఫిర్యాదులు కూడా లేవు.

ఎండలు ముదిరి గానుగ కాలం ముగిసేనాటికి హనోకూ కమలమ్మా వచ్చారు. డాక్టరు గారు ఈసారి నిజాయితీగానే పరీక్ష చేశారని చెప్పాలి. అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసును హనోకు చేతికిచ్చి ఆస్పత్రి వరండా చివరిదాకా నడిపించారట, చుక్క ఒలకలేదు. సూదిలో దారం ఎక్కించమన్నారట, ఎక్కించాడు. ‘వణుకు లేశమైనా లేదు’ అని సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆనాటి సంతకం గుండ్రంగా, చదవడానికి వీలుగా ఉంది.

కమిటీ మళ్లీ కూర్చుంది. సిద్దిరాములు గారు సర్టిఫికెట్టు చదివి నిజంగా సంతోషించారు.

“మంచిగైందా హనోకూ!”

“అయింది సార్.”

“శభాష్. డాక్టర్ సాబ్, ఏం మందిచ్చిండ్రు?”

“ఏ మందూ ఇయ్యలే.”

“మందు లేకుండ ఎట్ల తగ్గింది?”

కమలమ్మ గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కమిటీ ఈ విషయాన్ని అన్ని కోణాల నుంచీ పరిశీలించింది. హనోకు తిండి మారలేదు. నీళ్లు మారలేదు. ఊరు మారలేదు. మారింది ఒక్కటే.

“జీపు నడ్పుడు బందైంది,” అన్నారు నర్సింలు గారు.

“అదే మందు,” అన్నారు డాక్టరు గారు, తాము కనిపెట్టినదానికి తామే ఆశ్చర్యపోతూ.

రోగికి గుణమిస్తున్న వైద్యాన్ని మధ్యలో ఆపే హక్కు ఏ కమిటీకీ లేదు. హనోకును ఉద్యోగంలోంచి తీసివేయుట అతనికి సంపూర్ణంగా గుణమిచ్చినందున, దానిని జీవితాంతం కొనసాగించవలసిందని ఏకగ్రీవంగా సిఫారసు చేశాం.