పెద్ద పావు

ఆ రోజు మూడో తరగతికి సగం, పావు చెప్పేసి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా ఉప్పల్‌లోని ఇల్లు చేరాలనుకుంది తారామణి. భర్త పోయాక నాచారం బడికి తిరిగొచ్చి వారమైంది. ఎదురైన ప్రతివాళ్ళూ తల పక్కకు వాల్చి "తిన్నావా?" అని అడుగుతున్నారు. ఒక్కరోజైనా ఆ ప్రశ్న లేకుండా గడిస్తే చాలనిపిస్తోంది.

పాఠానికి చపాతీ చేసుకెళ్దామనుకుంది గానీ పిండి కలిపే ఓపిక లేకపోయింది. తరగతిలో ముందు బెంచీ సిరిని అడిగి, ఆమె డబ్బాలోంచి ఒక చపాతీ తీసుకుంది.

"సగం పెద్దదా, పావు పెద్దదా?"

"పావే, టీచర్. సగమంటే రెండు ముక్కలు, పావంటే నాలుగు. నాలుగే పెద్దది గదా!"

"అయితే నీకేది కావాలి?"

"పావే ఇయ్యుండ్రి."

తారామణి పావు తుంచి ఇచ్చింది. సిరి తన చేతిలోని ముక్కనూ, బల్ల మీద మిగిలినదాన్నీ మార్చి మార్చి చూసింది. ఇంతలో గంట కొట్టారు. మిగిలిన చపాతీ తిరిగివ్వడం టీచరు మరిచిపోయింది.

ఇంట్లో సిరి ఉన్నదున్నట్టే చెప్పింది. "నా చపాతిల టీచర్ నాకు జరంతే ఇచ్చింది. మిగిలిందంత ఆమెనే ఉంచుకున్నది."

తల్లి నీరజ కళ్ళు చెమర్చాయి. "పాపం, టీచర్ ఇంట్ల పొయ్యే ముట్టిస్తలేదు గావచ్చు" అని తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

మర్నాడు తరగతిలో టీచరు బల్ల కనపడలేదు. పులిహోర, జొన్నరొట్టె, సర్వపిండి డబ్బాలు కుర్చీ దాకా వచ్చాయి. "మిమ్మల్ని ఏడ్వొద్దన్నది మా అమ్మ" అంటూ ధీరజ్ పెరుగన్నం అందించాడు.

హెడ్మాస్టర్ చలపతిరావు పరుగున వచ్చారు. "ఏంటమ్మా ఇది! పిల్లల దగ్గర క్యారేజీలు వసూలు చేస్తున్నారంట?"

"పాఠం చెప్పానండి."

"ఏం పాఠం?"

"పావు."

ఆయన బల్లవైపు చూశారు. "పావుకే ఇంతైతే, పూర్తిగా చెబితే ఏమైపోతామో!"

విచారణ కోసమని సగం డబ్బాలు ఆఫీసు గదికి మోయించారు. విచారణ ముగిసేసరికి సర్వపిండి డబ్బా ఖాళీ అయింది. "తినాలమ్మా, తినాలి" అని ఆయన కూడా అననే అన్నారు.

మధ్యాహ్నం తారామణి ఒక్క మూతా తియ్యలేదు. ఎవరి జాలిని ముందుగా తినాలో తోచలేదు. అప్పుడు సిరి తన చపాతీతో వచ్చింది. నిన్నటి నష్టం మరిచినట్టు లేదు. చపాతీని జాగ్రత్తగా సగం చేసి, ఒక సగాన్ని మళ్ళీ చించింది.

"సగం నాది. ఒక పావు మా తమ్మునికి. ఈ పావు మీకు."

"అమ్మ ఎంత ఇమ్మంది?"

"మొత్తం ఇయ్యమన్నది. గని సగమే పెద్దదని నాకెర్కైంది, టీచర్. నాకు గూడ ఆకలైతది గద!"

తారామణి ఆ పావు తీసుకుని మొత్తం తినేసింది. రేపటి నుంచి తన చపాతీ తానే చేసి తెచ్చుకోవాలనుకుంది. సిరి దగ్గర ఇక పావు కూడా పుట్టేలా లేదు.