తేడాగా ఉన్న చుక్క

రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, యాభై తొమ్మిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. పేజీ రాయడానికి నాకు పూట పడుతుంది. అయినా ఒక్క మాట ఢంకా బజాయించి చెప్పగలను: జీతమిచ్చి మరీ తప్పులు చేయించే సంస్థ లోకంలో మాదొక్కటే.

మా ప్రయోగశాలలో నేను సీసాలు కడిగేదాన్ని. అక్కడ ఒక జన్యువుకు కావాలనే తప్పుల తడకగా నకళ్ళు తీస్తారు. వాటిని సూక్ష్మజీవుల్లోకి ఎక్కించి, పాలు కలిపిన జావ గడ్డకట్టించిన గాజు పళ్ళేల మీద పరుస్తారు. ఒక్కో జీవి ఒక్కో చుక్కగా పెరుగుతుంది. ఒక్కో చుక్కలో ఒక్కో తప్పు. చల్లటి గదిలో కూడా తన చుట్టూ పాలను కరిగించి వలయం గీసిన చుక్క దొరికితే, చన్నీళ్ళలో మరకలు వదిలించే సబ్బుకు దారి దొరికినట్టే. (నీళ్ళు కాచుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం. ఎవరూ అడగలేదు.)

తప్పులు చేయించేది ఒక్క అమ్మాయి. తప్పు జరక్కుండా చూసే అధికారులు తొమ్మిదిమంది. ప్రతి తప్పుకూ ముందస్తు అనుమతి పత్రం ఉంది: ఏ తప్పు, ఎక్కడ, ఎందుకు. "ముందే తెలిస్తే ఈ తంటా ఎందుకండీ?" అని అమ్మాయి రాసింది. "వివరణ అసంపూర్ణం" అని తిరిగొచ్చింది. ఇలా మూడేళ్ళు గడిచాయి. శుక్రవారంలోగా ఒక్క వలయమైనా చూపకపోతే ఆమె ఉద్యోగం ఉండదు.

ఆ వారమే నాకు చదవడం వచ్చని నాణ్యతాధికారికి తెలిసింది. నన్ను పళ్ళేల తనిఖీదారును (రెండో తరగతి) చేశారు. గోడమీద నియమం చూపించారు: "పళ్ళెంలోని చుక్కలన్నీ ఒకేలా ఉండవలెను. తేడాగా ఉన్నదానిని కల్తీగా భావించి తొలగించవలెను." (ఆయన అంతకుముందు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఉండేవారు. అక్కడ ఈ నియమానికి మంచి పేరుందట.)

గురువారం పొద్దున్నే అమ్మాయి పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, నిన్న సాయంత్రం నలభయ్యో పళ్ళెంలో ఒక చుక్క చుట్టూ వలయం మొదలైంది. ఇప్పుడు చుక్కే లేదు!"

"అదా? ఎబ్బెట్టుగా ఉంటే గీకి పారేశాను తల్లీ. గీకినదాన్ని ఉడికించేశాను కూడా."

"అయ్యో! నన్నొక్క మాట అడక్కపోయావా?"

"అడగడమెందుకు? గోడమీద రాసుందిగా! పోనీ, అదే తప్పు ఇంకోసారి చేయించరాదూ?"

"లక్షల్లో ఒక్కసారి పడుతుంది పెద్దమ్మా అది" అంటూ కుర్చీలో కూలబడింది.

చదువు రాని రోజుల్లో ప్రతి పళ్ళెమూ పట్టుకెళ్ళి "ఇది పారేయనా తల్లీ?" అని ఆమెనే అడిగేదాన్ని. చదువొచ్చాక అడగడం నామోషీ అయింది.

శుక్రవారం తనిఖీ జరిగింది. పళ్ళేలు నూటికి నూరుపాళ్ళూ ఒకేలా ఉన్నాయని నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఎవరి సాయమూ లేకుండా చదువుకున్నాను. అమ్మాయికీ ఒక కాగితం ఇచ్చారు: "మూడేళ్ళలో ఎలాంటి వైవిధ్యమూ సాధించనందున మీ సేవలు ఇక అవసరం లేదు." ఆమె కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోతే, అదీ నేనే చదివిపెట్టాను.

ఇట్లు,
సీసాల పెద్దమ్మ (పళ్ళేల తనిఖీదారు, మొదటి తరగతి)
వయసు: అరవై రెండు
ప్రస్తుత నివాసం: సంస్థ క్వార్టర్సు, పై అంతస్తు, ఆ అమ్మాయి ఖాళీ చేసిన గది.