జహాజ్ ఇన్ టైమ్

ఇంట్లో రెండో కొబ్బరికాయ దాచుకున్న ప్రతివాడూ దేశాభివృద్ధికి శత్రువే! గుండెల మీద చెయ్యేసుకుని చెబుతున్నాను. కోపం వస్తే రండి, చాయ్ తాగుతూ కొట్టుకుందాం.

నిన్నమొన్నటిదాకా నేనూ మీలాంటి మూర్ఖుణ్ణే. బియ్యం బస్తా నిండుగా ఉంటే ధైర్యం, కిరసనాయిలు డబ్బా బరువుగా ఉంటే నిద్ర. పోర్ట్ బ్లెయిర్‌లో గోల్ ఘర్ వెనక మేము బస్సు బాడీలు కట్టే షెడ్డుకి కొత్త మేనేజరు వచ్చాకే నా కళ్లు తెరుచుకున్నాయి. ఆయన మెయిన్‌లాండులో పెద్ద కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చారు. మొదటి రోజే మమ్మల్ని వరసగా నిలబెట్టి, జపాను వాళ్లు కార్లు ఎలా తయారుచేస్తారో చెప్పారు. అక్కడ స్టోరు రూమే ఉండదట! బోల్టు కావాల్సిన నిమిషానికే బోల్టు వస్తుందట. ముందొచ్చినా తప్పే, వెనకొచ్చినా తప్పే. దీని పేరు జస్ట్ ఇన్ టైమ్.

"సామాను దాచడం ఒక జబ్బు" అన్నారు మేనేజరు గారు. "ఆ జబ్బు ముదిరితే స్టోరు రూమ్ అవుతుంది."

ఎంత గొప్ప మాట! జపాను దీవులే, మనవీ దీవులే. ఇంకేం కావాలి? వాళ్లకి బోల్టులు చేసేవాడు పక్క వీధిలో ఉంటాడు, మనకి ఓడ మీద, అదే మా జహాజ్ మీద, మూడు రోజుల సముద్రానికి అవతల ఉంటాడు. ఇంత చిన్న తేడా పట్టుకుని వేలాడటం కార్మికుల పాత రోగం.

ఆ మంత్రాన్ని మా భాషలో బోర్డు రాయించమని స్టోర్‌కీపరు నూకయ్యకి పురమాయించారు. నూకయ్యంటే ఇరవై రెండేళ్లుగా స్టోరులో స్టూలు మీద కూర్చున్న మనిషి. కళ్లు మూసుకుని తడిమి, ఇది ఏ బండి నట్టో చెప్పేస్తాడు. చేతిరాత ముత్యాలు. చెవులు మాత్రం షెడ్డులో రేకుల మోతకి ఎప్పుడో మొద్దుబారాయి. అయినా సాబ్‌ని "మళ్లీ చెప్పండి" అని ఎవడడుగుతాడు? విన్నది విన్నట్టు రాశాడు. మర్నాడు గేటు మీద ఎర్రటి అక్షరాలు: జహాజ్ ఇన్ టైమ్.

మేనేజరు గారికి తెలుగు చదవడం రాదు. బోర్డు కింద నిలబడి ఫోటో తీయించుకున్నారు.

గేటుకెదురుగా చాయ్ కొట్టు యర్రమ్మది. బోర్డు చదివించుకుని కడుపు పట్టుకుని నవ్వింది.

"జహాజ్ ఇన్ టైమా? పెళ్లికొడుకు ఎక్కిన జహాజ్ రాక నా పెళ్లి పదకొండు దినాలు ఆగిపోనాది! ఏటి నూకయ్యా, మజాక్ సేస్తన్నావేటి?"

"నానేటి సేస్తాను దీదీ, సాబ్ సెప్పిందే రాసినాను" అన్నాడు నూకయ్య. "పాపం, ఆయనికి జహాజ్ మీద భరోసా."

నవ్వండి, నవ్వండి! కొత్త పద్ధతి వచ్చినప్పుడల్లా నవ్వేవాళ్లే మీరంతా. యర్రమ్మ కొట్టు వెనక చూడండి: మూడు డబ్బాల కిరసనాయిలు, బస్తాడు ఎండుచేప, ఎందుకూ పనికిరాని పాత కుండలు. చూస్తే జపాను వాడికి జ్వరం వస్తుంది.

బోర్డు తర్వాత ఎర్రచీటీలు వచ్చాయి. ముప్పై రోజులుగా ఎవరూ ముట్టుకోని ప్రతి వస్తువుకీ చీటీ కట్టి కంచె అవతల పారేయాలి. చీటీలో మూడు గడులు: వస్తువు పేరు, ఎన్నాళ్లుగా వాడలేదు, తీసేస్తే పని ఆగుతుందా? పాత బస్సుల్లోంచి విప్పి దాచిన డ్రైవరు సీట్లు మూడు, అద్దాల రబ్బర్లు, తలుపుల గొళ్లేలు, అన్నీ ఎర్రచీటీలు కట్టుకుని ఊరేగింపుగా కంచె దాటి, పాత ఇనుము కొనేవాడి లారీ ఎక్కి వెళ్లిపోయాయి. స్టోరు అద్దంలా మెరిసింది. మిగిలినవి రెండే. ఒకటి స్టూలు, రెండోది దాని మీద నూకయ్య.

స్టూలుకీ చీటీ కట్టారు. "స్టోరే లేనప్పుడు స్టోర్‌కీపరు దేనికి?" అన్నారు మేనేజరు గారు. లెక్క తప్పా? మూడో గడిలో స్వహస్తాలతో 'ఆగదు' అని రాశారు. ఇరవై రెండేళ్ల నూకయ్య ఆ మధ్యాహ్నమే టిఫిను క్యారేజీ పట్టుకుని గేటు దాటాడు. దాటి ఎక్కడికి వెళ్తాడు? ఎదురుగా యర్రమ్మ బెంచీ మీద కూర్చున్నాడు. ఇప్పటికీ రోజూ డ్యూటీ టైముకే వచ్చి కూర్చుంటున్నాడు.

జపాను పద్ధతిలో నాకు బాగా నచ్చింది తాడు. లోపం కనబడితే ఎంత చిన్న కార్మికుడైనా తాడు లాగి పనంతా ఆపేయవచ్చు. సరిచేసేదాకా లైను కదలకూడదు. మా వడ్రంగి యర్రయ్య నూకయ్య వెళ్లిన రోజే లాగాడు. మేనేజరు గారు పరుగెత్తుకొచ్చారు.

"క్యా హువా? లోపం ఎక్కడ?"

"స్టోరులో సాబ్. ఆద్మీ లేడు."

తాడుకీ ఎర్రచీటీ కట్టారు.

అప్పటికి రంగత్ వెళ్లాల్సిన బస్సు తయారైపోయింది. రంగు వేశాం, అద్దాలు బిగించాం, హారన్ కూడా మోగుతోంది. డ్రైవరు సీటు ఒక్కటే లేదు. అది జహాజ్‌లో వస్తోంది. జహాజ్ మద్రాసులో ఉంది. సముద్రం బాగాలేదన్నారు, తర్వాత లోడింగ్ కాలేదన్నారు. యాభైమంది కూర్చోవచ్చు, నడిపేవాడు తప్ప! ఇందులో నష్టమేముంది? రంగత్ జనం నడుస్తున్నారు. నడక ఒంటికి మంచిది. మేము గుండ్రంగా కూర్చుని క్వాలిటీ గురించి మాట్లాడుకున్నాం. అదీ పద్ధతిలో భాగమేనట, క్వాలిటీ సర్కిల్ అంటారు. మా ఊళ్లో దాన్నే పని లేక కూర్చోవడం అంటారు.

ఈలోగా, పద్ధతి ఎంత బాగా నడుస్తోందో మద్రాసులో ఉపన్యాసం ఇవ్వమని మేనేజరు గారికి పిలుపొచ్చింది. వెళ్లారు. ఉపన్యాసానికి చప్పట్లు కొట్టారట. తిరిగి వద్దామని జహాజ్ ఎక్కితే అది కదల్లేదు. ఇంజనులో ఏదో విరిగింది. స్పేరు ఉందా అంటే, లేదన్నారు. ఎంత క్రమశిక్షణ! వాళ్లూ దాచుకోలేదు!

ఆయన వెళ్లిన ముప్పై ఒకటో రోజు పొద్దున్న యర్రయ్య మేనేజరు గది తుడవడానికి వెళ్లి ఆగిపోయాడు. కాళ్లకి చక్రాలున్న సాబ్ కుర్చీ. ముప్పై రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు. మాకు మనుషుల మీద కోపం ఉండొచ్చు గానీ రూలంటే రూలే కదా? ముత్యాల చేతిరాత కోసం నూకయ్యని బెంచీ మీద నుంచి పిలిచాం. వస్తువు పేరు: కుర్చీ. వాడనిది: ముప్పై ఒక్క రోజులు. తీసేస్తే పని ఆగుతుందా? నూకయ్య పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. రాశాడు: 'మొదలవుతుంది.'

కుర్చీని కంచె అవతలికి ఎత్తబోతే అడ్డం పడ్డాడు.

"ఆగండ్రా! పారీడం తప్ప ఇంకేటీ రాదా మీకు? పనికొస్తాది."

చక్రాలు విప్పించాడు. అడుగున ఇనప పట్టీ వేయించాడు. బస్సులో స్టీరింగు వెనక నాలుగు బోల్టులతో బిగించాడు. మధ్యాహ్నానికి రంగత్ బస్సు హారన్ కొట్టుకుంటూ గేటు దాటింది. అన్నాళ్లూ ఉన్నచోటే గిర్రున తిరిగిన కుర్చీ మొదటిసారి ముందుకు కదిలింది!

పోయిన సోమవారం జహాజ్ వచ్చింది. మేనేజరు గారు దిగారు. డ్రైవరు సీటు మాత్రం దిగలేదు, వచ్చే జహాజ్‌కట.

"మేరీ కుర్సీ కహాఁ హై?" అని కేక వేశారు.

"ఆయేగా సాబ్" అన్నాడు యర్రయ్య వినయంగా. "జహాజ్ ఇన్ టైమ్."

బోర్డు మీద ఏం రాసుందో ఆయనకి అప్పుడు తెలిసింది.

కూర్చోవడానికి షెడ్డు మొత్తంలో ఏమీ లేదు. ఉన్నదల్లా ఎర్రచీటీతో కంచె అవతలికి వెళ్లిన స్టూలు. దాన్ని ఆ రోజే యర్రమ్మ ఎత్తుకెళ్లి పాత కుండల పక్కన దాచింది. మేనేజరు గారు మనిషిని పంపారు.

"ఇస్తాను, ఎందుకియ్యను?" అంది యర్రమ్మ చాయ్ వడకడుతూ. "కానీ బాబూ, ఈ స్టూలూ ఆ నూకయ్యా ఒకే సెట్టు. ఇడగొట్టి ఇయ్యను. సాబ్‌తో బోలో."

వారమైంది. మేనేజరు గారు నిలబడే సంతకాలు పెడుతున్నారు. మేమందరం బెంచీ మీద నూకయ్య పక్కన కూర్చున్నాం. దీన్ని స్ట్రైక్ అనే దుర్మార్గులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారని విన్నాను. సిగ్గుండాలి! యర్రయ్య తాడు మళ్లీ కట్టాడు, మేమంతా కలిసి లాగాం, అంతే. లోపం స్టోరులో ఉంది. సరిచేసేదాకా లైను కదలకూడదు. జపాను పద్ధతి మరి, మేమెలా కాదంటాం?