సొంత మామయ్యకో మాత్ర

ఆ ఉదయం తొందర వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరో నంబరు మంచం దగ్గరికి వెళ్ళాలి, ఎనిమిది గంటల బీపీ మాత్ర వేయాలి, పరీక్ష పాసైపోయి హాయిగా ఇంటికెళ్ళి పడుకోవాలి.

తొందర అంటే నర్సింగ్ రెండో ఏడు చదివే అమ్మాయి. క్లాసులో ఆ పేరు ఊరికే పెట్టలేదు. పోయినసారి ప్రాక్టికల్ పరీక్షలో మాత్ర పట్టుకుని గబగబా వెళ్ళి, "మీరు ఫలానాయనేగా?" అని ఒక తాతగారిని అడిగింది. చెవులు సరిగ్గా వినపడని ఆ పెద్దాయన మర్యాద కోసం తలూపాడు. అసలు ఫలానాయన పక్క మంచం మీద నిక్షేపంగా పేపరు చదువుకుంటున్నాడు. ట్యూటర్ చెయ్యి పట్టుకుని ఆపింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే తాతగారి కడుపులో ఆయనకు లేని షుగరుకి మందు పడేది. తొందర ఫెయిలైంది. ఈసారి కూడా తప్పితే మూడో ఏడుకి పంపరు. నిన్నటిదాకా "అక్కా" అని పిలిచిన జూనియర్ల పక్కన కూర్చుని మళ్ళీ అవే పాఠాలు వినాలి. తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

అలాంటిది, ఆరో నంబరు మంచం మీద ఉన్నది ఎవరు? సాక్షాత్తూ మేనత్త భర్త, టైలర్ మామయ్య! మొన్న షాపులో స్టూలు మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పక్కన కుర్చీలో అత్త. ఇది పరీక్షా? పలకరింపు!

తొందర చేతులు కడుక్కుంది. మాత్ర పేరు, మోతాదు చార్టుతో ముమ్మారు సరిచూసుకుంది. ట్యూటర్ రెండడుగులు వెనక నిలబడి చూస్తోంది.

"నమస్కారమండీ. మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి."

మామయ్య తల తిప్పి వెనక్కి చూశాడు. గోడ తప్ప ఎవరూ లేరు. "ఎవర్నే అడుగుతున్నావు?"

"మిమ్మల్నేనండీ."

"ఏమే, విన్నావా?" అన్నాడు భార్యతో. "భుజాల మీద ఊరంతా తిప్పాను దీన్ని. ఇప్పుడొచ్చి నేనెవరని అడుగుతోంది!"

"పోనీలెండి, చదువుకునే పిల్ల," అంది అత్త. "నేను చెప్తా రాసుకోవే, ఆయన పేరు..."

"అత్తా, నువ్వు చెప్పకూడదు! ఆయన నోటితో ఆయనే చెప్పాలి. చేతికి కట్టిన బ్యాండు మీద ఉన్నదానితో కలవాలి."

"అయినవాళ్ళక్కూడానా?" అన్నాడు మామయ్య. చేతిని దుప్పట్లోకి లాక్కున్నాడు.

"నన్ను చిన్నప్పట్నించీ చూస్తున్నావు, అయినా బట్టలు కుట్టించుకోడానికి వచ్చిన ప్రతిసారీ టేపు పెట్టి కొలవలేదూ?" పరీక్ష మర్యాద కాస్తా జారిపోయి తొందర నాలుక కరుచుకుంది.

"మనుషులు పెరుగుతారే! పేరు పెరుగుతుందా?"

వార్డంతా నవ్వింది. ట్యూటర్ మాత్రం చాలా తియ్యగా, "సొంత మామయ్యేగా, నీకు తెలుసుగా. ఇచ్చెయ్యమ్మా," అంది. పోయినసారి దెబ్బతిన్న తొందరకి ఆ తీపి కూడా పరీక్షలో భాగమేనని అర్థమైంది.

"ఇవ్వను మేడమ్."

మామయ్య విసుగ్గా పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, షాపు బోర్డు చదివినట్టు గట్టిగా.

"పుట్టిన తేదీ?"

మామయ్య పెళ్ళాం వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "గుర్తులేదు."

సరిగ్గా అప్పుడే రౌండ్సుకి వచ్చిన కుర్ర డాక్టరు టక్కున ఆగాడు. ఆయన ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు, పెద్ద జబ్బు ఒకటీ దొరకలేదు. "పుట్టిన తేదీ గుర్తులేదా? పడ్డప్పుడు తలకి తగిలిందా? ఇది ఏ సంవత్సరం?"

మామయ్య చిక్కులో పడ్డాడు. సంవత్సరం గుర్తుందంటే తేదీ ఎందుకు గుర్తులేదంటారు. "సరిగ్గా తట్టడం లేదండీ."

"పిల్లలెంతమంది?"

"ఉండాలండీ."

అత్త గుండెలు బాదుకుంది. "ఏమండీ! నావైపు చూడండి! నేనెవర్నండీ?"

మామయ్య ఆమెను తేరిపార చూసి, "ఎక్కడో చూసినట్టే ఉంది," అన్నాడు.

అంతే, అత్త గొల్లుమంది. డాక్టరు ముఖం వెలిగిపోయింది. తలకి స్కాన్ తీయాలన్నాడు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే పుర్రె తెరవాలన్నాడు. అప్పటిదాకా గుక్కెడు నీళ్ళతో బీపీ మాత్ర తప్ప కాఫీ, టిఫిను బంద్ అన్నాడు. ట్యూటర్ గడియారం చూసుకుని, "ఎనిమిదిన్నర దాటితే మాత్ర వేళ తప్పినట్టే," అంది.

మంచినీళ్ళ కోసం గంట మోగిస్తే మధ్యాహ్నానికి వచ్చే వార్డు అటెండరు, పుర్రె అన్న మాట వినగానే క్షౌరం కత్తితో ప్రత్యక్షమయ్యాడు. మామయ్యకి ఒత్తుగా నెరిసిన జుట్టంటే పంచప్రాణాలు. సబ్బు నురగ నెత్తికి తగిలిందో లేదో, "ఆగవయ్యా, గుర్తొచ్చింది!" అని కేక పెట్టి, గడగడా ఒక తేదీ చెప్పాడు.

తొందర దుప్పట్లోంచి ఆయన చెయ్యి బయటికి లాగి బ్యాండు చూసింది. మళ్ళీ చూసింది.

"కలవడం లేదు మేడమ్."

"బ్యాండే తప్పు!" అన్నాడు మామయ్య.

డాక్టరు ముఖం ఈసారి పాలిపోయింది. "బ్యాండు తప్పా? అయితే ఈ ఫైలు ఎవరిది? ఎక్సరే ఎవరిది? కట్టు వేయాల్సింది ఈ కాలికేనా? కట్టు కోసెయ్యండి, అన్నీ మొదట్నుంచి చేద్దాం!" అటెండరు కత్తి జేబులో పెట్టుకుని కట్టు కోసే రంపం కోసం పరుగెత్తాడు.

"మామయ్యా, నీకు దణ్ణం పెడతా," అంది తొందర. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు నిజంగానే తిరుగుతున్నాయి. "నా ఏడాది పోతుంది. నిజం చెప్పు."

మామయ్య ఆ కళ్ళు చూశాడు. తలుపు వైపు చూశాడు. రంపం చప్పుడు దగ్గరపడుతోంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఏదో గొణిగాడు.

"వినపడలేదు. గట్టిగా," అంది ట్యూటర్.

ఆయన గట్టిగా చెప్పాడు.

"కలిసింది!" అని అరిచింది తొందర. మాత్ర నోట్లో వేసింది, నీళ్ళు పట్టించింది, మింగాడో లేదో చూసింది. ఎనిమిదిన్నర ఇంకా కాలేదు.

"పాస్," అంది ట్యూటర్.

వార్డులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, అత్త తప్ప. ఆమె వేళ్ళు లెక్కపెడుతోంది. ఒకసారి అయ్యాక నమ్మకం కుదరక మళ్ళీ మొదలుపెట్టింది.

"ఉండండి. మొదట చెప్పినదానికీ, ఇప్పుడు చెప్పినదానికీ అయిదేళ్ళు తేడా. అంటే మీరు నాకన్నా రెండేళ్ళు పెద్ద కాదు. మూడేళ్ళు చిన్న!"

"మీ నాన్న పిల్లకన్నా పెద్దవాడైతేనే ఇస్తానన్నాడే," అన్నాడు మామయ్య నీరసంగా. "నిన్ను చూశాక ఇంక వదులుకోబుద్ధి కాలేదు. మొన్న ఇక్కడ చేర్చుకునేటప్పుడు నొప్పికి తట్టుకోలేక నిజం నోరు జారాను."

అత్త ముఖంలో ఒక్క క్షణం సిగ్గులాంటిది మెరిసింది. కానీ ఆ వెనకే పాతికేళ్ళ కాపురం గుర్తొచ్చింది. "పెద్దవాణ్ణి చెప్తున్నా, విను అన్నారు, మా చెల్లెలి ఊరికి మారకుండా ఆపారు. పెద్దవాణ్ణి అన్నారు, కిటికీ పక్క మంచం తీసుకున్నారు. ఇన్నేళ్ళల్లో ఒక్కసారైనా నేను పుట్టిన తేదీ అడగలేదే!" తొందర వైపు తిరిగి, "మంచి చదువే చదువుతున్నావే తల్లీ," అంది. తర్వాత మంచం వైపు తిరిగి కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఇక ఏడవకుండా పడుకో. రేపట్నుంచి కిటికీ పక్క మంచం నాది. పెద్దదాన్ని చెప్తున్నా, విను."

మామయ్య దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. చార్టులో 'మందు వేశాక రోగికి కలిగిన ఇబ్బందులు' అన్న గడి దగ్గర తొందర పెన్ను కాసేపు ఆగింది గానీ, అవేవీ మందువల్ల వచ్చినవి కావు కాబట్టి ఖాళీగా వదిలేసింది.