పై వరస ఎవరిది?

“నేటి నుంచి మన సొసైటీలో ఒకే కంప్యూటర్ రెండు కంప్యూటర్ల పని చేస్తుందని సగర్వంగా ప్రకటిస్తున్నాను!”

ద్రాక్షారామం పక్క ఊరి సొసైటీ ప్రెసిడెంట్ తాతాజీ గారు మైకులో ఈ మాట అనగానే రైతులంతా ఒక్కసారిగా తలలెత్తారు. ఆయన వైపు కాదు, తూర్పున కమ్ముకొస్తున్న మబ్బు వైపు. ఆనందబాష్పాలు దాచుకోడానికే అలా చేస్తున్నారని గ్రహించి, తాతాజీ గారు గొంతు ఇంకాస్త పెంచారు.

ఆయన సాధించింది చిన్న విషయం కాదు. రైతుల పంట వివరాలున్న పాత సాఫ్ట్‌వేర్ పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తప్ప తెరుచుకోదు. ధాన్యానికి గోనెసంచులు మంజూరు చేసే కొత్త సాఫ్ట్‌వేర్ ఆ పాత సిస్టమ్ మొహం కూడా చూడదు. అందుకని ఆపరేటర్ గణేష్‌బాబు చేత ఒకే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లూ వేయించారు. ఆన్ చేయగానే తెర మీద రెండు వరసల మెనూ వస్తుంది. ముందు పాతదాంట్లోకి వెళ్లి వివరాలు తీసుకోవాలి. ఆపి, మళ్లీ ఆన్ చేసి, కొత్తదాంట్లోకి వెళ్లి సంచులు ఇవ్వాలి.

మొదటి సంచులు సూర్యకళకి. ఆవిడ రెండో పంట, దాళ్వా ధాన్యం సొసైటీ ముందే రోడ్డు పక్కన రాశి పోసి ఉంది. సంచులకెత్తితే లారీ ఎక్కుతుంది. తడిస్తే మొలకెత్తుతుంది.

“కాస్త తొందరగా కానివ్వండి ప్రెసిడెంటు గారూ. వాన వచ్చేలా ఉందండి.”

“వానకేం తెలుసమ్మా ప్రోటోకాలు? ఎమ్మెల్యే గారూ, ఎంపీ గారూ ఇద్దరూ వచ్చారు. నువ్వు చప్పట్లు కొట్టు.”

వేదిక మీద ఆ ఇద్దరూ చెరో పక్కకి తిరిగి కూర్చున్నారు. ఒకే పార్టీ వాళ్లు కాబట్టి మాట్లాడుకోరు.

కంప్యూటర్ ఆన్ అయింది. శిలాఫలకం మీద చెక్కించినట్టే తాతాజీ గారు మెనూలోనూ పేర్లు వేయించారు. పై వరసలో పాత సిస్టమ్‌కి ఎమ్మెల్యే గారి పేరు, కింది వరసలో కొత్తదానికి ఎంపీ గారి పేరు.

ఎంపీ గారి పీఏ అశోక్ కళ్లజోడు సర్దుకున్నాడు. “ఏంటండి ఇది? మా సారు కిందనా? ఏడు నియోజకవర్గాలండి ఆయనవి!”

గణేష్‌బాబు వరసలు తారుమారు చేశాడు.

ఎమ్మెల్యే గారు కుర్చీలోంచి లేచారు. “తాతాజీ, నా నియోజకవర్గంలో నా నెత్తి మీద ఇంకొకళ్లా?”

“ఎంతమాటండి! ఒరేయ్ గణేషూ, ఇద్దర్నీ పక్కపక్కన పెట్టెయ్.”

“మెనూలో పక్కపక్కన రావండి. ఒకటి పైన, ఒకటి కింద. అంతేనండి.”

తాతాజీ గారు ఆలోచించింది ఒక్క క్షణమే. “మానిటర్ని పక్కకి పడుకోబెట్టు.”

పడుకోబెట్టారు. నాయకులిద్దరూ మెడలు వంచి చదువుకున్నారు. నిజమే, ఎవరూ ఎవరి కిందా లేరు. జనం ఊపిరి పీల్చుకున్నారు.

“ఎడంపక్క ఉన్నదెవరండి?” అన్నాడు అశోక్.

దూరంగా ఉరిమింది.

“అందర్నీ సమానంగా చూడమంది మన పార్టీ,” అన్నారు తాతాజీ గారు మైకు అందుకుని. “రెండు వరసలూ తీసెయ్!”

“పేరు తీయడం వేరండి, సిస్టమ్ తీయడం వేరు...”

“తీసెయ్ అంటుంటే!”

“రైతుల పంట వివరాలు కూడా పోతాయండి.”

“పోయేది వివరాలేగా, పంట కాదుగా!”

గణేష్‌బాబు దండం పెట్టుకుని ఫార్మాట్ కొట్టాడు. తెర నల్లబడింది. ఎవరి పేరూ లేదు. చాలా కాలం తర్వాత నాయకులిద్దరూ ఒకేసారి నవ్వారు. ఒకే మౌసు మీద రెండు చేతులు వేసి, క్లిక్ చేసి, ప్రారంభోత్సవం అయిందన్నారు.

“మరి నా సంచులండి?” అంది సూర్యకళ.

“చరిత్ర జరుగుతుంటే సంచులేంటమ్మా!” అన్నారు తాతాజీ గారు.

పెద్ద చినుకు ఆవిడ చెంప మీద పడింది. సూర్యకళ పైకి చూసింది. నాయకుల నెత్తి మీద పందిరి కప్పు మొత్తం ఒక్కటే టార్పాలిన్ బరకం. చెప్పులు విడిచి వేదికెక్కింది.

“కాస్త జరగండి ఎంపీ గారూ. ఆ ముడి మీ కుర్చీ వెనకాలుందండి.”

ఆవిడ ఒక ముడి విప్పేసరికి మిగతా రైతులు మిగతా ముళ్లు విప్పేశారు. బరకం దిగి ధాన్యం మీద పరుచుకుంది. వాన దిగి నాయకుల మీద పడింది.

విలేకరి ప్రేమ్ కుమార్ గొడుగులోంచి అడిగాడు. “ధాన్యం దక్కిందండి! పాత సిస్టమ్ వల్లా, కొత్తదాని వల్లా?”

తాతాజీ గారు మొహం తుడుచుకున్నారు. “రెండూ కలిసి పనిచేయడం వల్లండి. అలాగే రాసుకోండి.”

రాశి దగ్గర్నుంచి సూర్యకళ కేకేసింది. బరకం అంచు గాలికి ఎగిరిపోతోంది. ఆవిడ కాలితో తొక్కి పట్టుకుంది.

“ప్రెసిడెంటు గారూ! ఆ కంప్యూటర్ డబ్బా ఇటు పంపండి. ఈ మూలకి బరువు చాలట్లేదు.”

ప్రేమ్ కుమార్ కెమెరా ఇంకా తీస్తూనే ఉంది. అది గమనించి ఎమ్మెల్యే గారు డబ్బాకి ఒక పక్క చెయ్యి వేశారు. ఎంపీ గారు వెంటనే రెండో పక్క పట్టుకున్నారు. బురదలో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ మోసుకెళ్లి, బరకం మూల మీద పెట్టారు.

ఫొటోలో ఇద్దరూ ఒకే ఎత్తులో వచ్చారు.