మెంతుల డబ్బాలో ఫ్యూజు

ఆ ఆదివారం పొద్దున స్నేహలత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో నీళ్ల మోటర్ ఆగిపోవాలి, బాగు చేయడానికి మొగుడు రావాలి, గేటు దగ్గర నిలబడి తన చేతి చాయ్ తాగాలి. అంతే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫస్ట్ క్లాసులో పాసైన అమ్మాయికి అదేం పెద్ద ప్రయోగం కాదు. వరండాలో మోటర్ బోర్డు మీదున్న తెల్లటి పింగాణీ ఫ్యూజును ఊడబెరికి, వంటింట్లో మెంతుల డబ్బా అడుగున దాచేసింది. చదువు ఊరికే పోదు, ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుందని వాళ్ల నాన్న చెబుతూనే ఉండేవాడు.

పెళ్లయి మూణ్ణెల్లు కాకముందే ఆషాఢం వచ్చిపడింది. కొత్త కోడలు పుట్టింటికి పోవాలి, కొత్త అల్లుడు అత్త గడప తొక్కకూడదు. హన్మకొండలోని పుట్టింటికీ, కొత్తవాడలోని మొగుడింటికీ మధ్య ఉన్నది ఒక ఆటో ప్రయాణం. ఆషాఢం దాన్ని సముద్రం చేసింది. భానుచందర్ పొద్దునే కాలిపోయిన మోటర్ కాయిల్ ఫొటో తీసి, కింద 'నువ్వు లేక' అని రాసి పంపేవాడు. లోకంలో ఇంత మంచి ప్రేమలేఖ ఇంకెవరికైనా వచ్చిందా అని స్నేహలత సాయంత్రం దాకా నవ్వుకునేది.

భానుచందర్ ఐటీఐ చదివి, మండిబజార్‌లో మోటర్ వైండింగ్ షాపు నడుపుతాడు. ఆ సంగతి వరంగల్ చుట్టుపక్కల రైతులందరూ చెబుతారు, మామగారు తప్ప. మల్లికార్జున్ సార్ రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. ఇంటి ముందు బోర్డు మీద ఆయన పేరు కంటే పేరు వెనకాల డిగ్రీలే పొడుగు. బిడ్డ మొండికేస్తే పెళ్లికి ఒప్పుకున్నాడు గానీ, శుభలేఖలో అల్లుడి పేరు ముందు 'ఇంజనీర్' అని వేయించాడు. శుభలేఖలో అచ్చయినదాన్ని అబద్ధమని ఎవరంటారు? భానుచందర్ అది చూసి నవ్వేశాడు. స్నేహలత నవ్వలేదు. నాన్న ఒక్కసారైనా నలుగురిలో 'మా అల్లుడు మోటర్ మెకానిక్' అంటే వినాలని ఆమె చెవులు అప్పట్నుంచీ కాచుకుని ఉన్నాయి.

అయితే పథకంలో ఒక పొరపాటు జరిగింది. ఏటా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముందు ఒక ఆదివారం, పిల్లల్ని ఏ కోర్సులో చేర్చాలో తెలియని తల్లిదండ్రుల్ని హాల్లో కూర్చోబెట్టి, సార్ ఉచితంగా దారి చూపిస్తాడు. ఆ దారి ఎప్పుడూ డిగ్రీ కాలేజీ గేటు దగ్గరికే పోతుంది. ఆ ఆదివారం ఇదేనని స్నేహలత మరిచిపోయింది.

"నల్ల తిప్పితే గాలొస్తాంది," అంది స్నేహలత తల్లి భారతి. "మోటర్ బంద్ వడ్డది. అల్లునికి ఫోన్ చేస్తా."

"దేనికి? ఇంట్ల ఫిజిక్స్ లెక్చరర్ ఉండంగ మెకానిక్ దేనికి?" అని సార్ లుంగీ ఎగ్గట్టాడు.

పథకంలో ఈ పాఠం లేదు. వెంటనే ఫ్యూజు పెట్టేద్దామా అనుకుంది స్నేహలత. పెడితే భాను రాడు. ఇంకాసేపు చూద్దామని ఆగింది. ఆమె ఆగినంతసేపట్లో సార్ మోటర్ వెనక మూత విప్పి, ఫ్యాను రెక్క పీకి, చేతిలో ఒక స్ప్రింగు పట్టుకుని అది ఎక్కడ్నుంచి ఊడిందా అని ఆకాశం వైపు చూస్తున్నాడు. భారతి అల్లుడికి ఫోన్ కొట్టింది.

భానుచందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, మొహానికి పౌడరు కొట్టుకుని బండి మీద వచ్చాడు. మోటర్ రిపేరుకు లోకంలో ఎవరూ అలా రారు.

"ఆన్నే ఆగు బిడ్డా," అంది భారతి గేటుకు అడ్డం నిలబడి. "ఇది దాటినవంటే గడప దాటినట్టే."

"అత్తమ్మా, గడప ఇంటికుంటది గని గేటుకెక్కడుంటది?"

"ఆషాఢం పోయినంక మాట్లాడుకుందాం. రోడ్డు మీదనే నిలబడు."

మోటర్ ఉన్నది ప్రహరీ గోడ లోపల, సంపు పక్కన. భాను గోడ మీదుగా తల పెట్టాడు. "మామయ్యా, ముందుగాల ఫ్యూజు చూసిండ్రా?"

జీవితమంతా కరెంటు పాఠం చెప్పిన మనిషిని ఫ్యూజు చూశారా అనడం, పూజారిని స్నానం చేశారా అని అడగడం లాంటిది. సార్ మొహం ఎర్రబడింది. "చూసిన," అన్నాడు, ఆ వైపు తల కూడా తిప్పకుండా.

ఫ్యూజు చూశామన్నాక భాను తన విద్య బయటికి తీశాడు. ముక్కు పైకెత్తి, కళ్లు మూసుకున్నాడు. "మాడు వాసన వస్తాంది. వైండింగ్ కాలింది మామయ్యా. నేను వాసనతోనే చెప్త. ఈ ముక్కు ఇయ్యాల్టిదాక తప్పలే."

ఆ వాసన పొయ్యి మీద భారతి మరిచిపోయిన పప్పుది. చూడని ఫ్యూజు ఒకరిది, మాడిన పప్పు ఇంకొకరిది. డిగ్రీ, ఐటీఐ మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చి, బతికున్న మోటర్ చచ్చిపోయిందని తేల్చాయి. స్నేహలత నోరు తెరవబోయింది. ఇంతలో భాను గోడ మీదుగా ఆమెను చూసి కన్ను గీటాడు. నోరు మళ్లీ మూసుకుంది.

మామా అల్లుడూ ఆపసోపాలు పడి మోటరును గోడ దాటించారు. భాను రోడ్డు పక్కన గోనెసంచి పరిచి విప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే సావిత్రి ఆటో దిగింది. చౌరస్తాలో బట్టల షాపు వాళ్లావిడ, శుభలేఖ అందుకుందే గానీ పెళ్లికి రాలేదు; ఇప్పుడు కొడుకును ఏ కాలేజీలో వేయాలో అడగడానికి వచ్చింది. వెనకే ధర్మసాగర్ రైతు ఎల్లస్వామి బస్సు దిగి నడిచొస్తున్నాడు.

సార్ గోడ మీదుగా వంగి గొంతు తగ్గించాడు. "భానూ, జర సేపు నన్ను సార్ అని పిలువు. వాళ్లకు నువ్వు మెకానిక్‌వి."

"నేను మెకానిక్‌నే గద మామయ్యా."

"అదే. అదొక్కటే."

భాను ఎప్పట్లాగే నవ్వి స్క్రూ డ్రైవర్ అందుకున్నాడు. స్నేహలతకు మాత్రం ఆ 'అదొక్కటే' ముల్లులా గుచ్చుకుంది. చాయ్ కోసం వేసిన పథకానికి, మొగుణ్ణి సొంత మామే పరాయివాణ్ణి చేయడం కొసరుగా వచ్చింది.

హాల్లో సార్ మొదలుపెట్టాడు. డిగ్రీ అంటే పునాది అన్నాడు, వెలుగు అన్నాడు, గౌరవం అన్నాడు. తాగడానికి నీళ్లున్నాయా అని సావిత్రి అడిగితే, దానికీ డిగ్రీకీ ఏదో సంబంధం చెప్పాడు. ఎల్లస్వామి మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆయన బోరు మోటర్ ఎండాకాలంలో కాలిపోతే బాగు చేసింది భానే.

"తమ్మీ, మా పిలగాని ర్యాంకు లక్ష దాటింది. నీ షాపుల పెట్టుకుంటవా?"

"ఏం చదివిండు బాపూ?"

"ఇంటరు."

"ఇంటరుతోని ఎట్ల? నా దగ్గర ఇద్దరున్నరు, ఇద్దరు బీటెక్‌లే. మొన్న ఒక ఎంబీఏ వస్తే, జాగ లేదు, తర్వాత చెప్తనన్న."

ఎల్లస్వామి దిగులుగా హాల్లోకి పోయాడు. "సార్, మెకానిక్ పనికి గూడ డిగ్రీ కావాల్నట."

"నేనేం చెప్తాన్న మరి?" అన్నాడు సార్, ఆ రోజుకు దొరికిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని గుండెకు హత్తుకుంటూ.

బయట స్నేహలత మొగుడికి స్టూలు వేసింది. ఎండ పడుతుందని గొడుగు పట్టింది. క్యాన్‌లో మిగిలిన మంచినీళ్లతో అల్లం చాయ్ పెట్టి తెచ్చింది. పరాయివాడన్నారు కదా, పరాయివాళ్లకు మర్యాద ఎక్కువ చేయాలి మరి. భాను చెంప మీద గ్రీజు అంటితే చున్నీ చెంగుతో తుడిచింది. ఇదంతా హాలు కిటికీలోంచి సావిత్రికి శుభ్రంగా కనబడుతోంది. డిగ్రీ మీద ఆమె ధ్యాస ఎప్పుడో పోయింది. లేచి వంటింట్లోకి నడిచింది.

"భారతక్కా, మీ అల్లుడు ఇంజనీర్ గద, యాడుంటడు?"

భారతి కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. "డ్యూటీల ఉన్నడు," అంది. అందులో అబద్ధం ఏమీ లేదు.

"అయితే పిల్లను జర కనిపెట్టుకో. కొత్త పెండ్లి, ఆషాఢం, మొగడు దూరం. ఆ మెకానిక్ చూపు మంచిగ లేదు. మీ పిల్ల చూపు అంతకన్న మంచిగ లేదు."

"అయ్యో, ఆ పిలగాడు బంగారం అసొంటోడు."

"నీకు గూడ ఎర్కేనా?" అని సావిత్రి గుండె మీద చెయ్యేసుకుంది.

ఈలోగా భానుకు అసలు సంగతి అర్థమైంది. వైండింగ్ కడిగిన ముత్యంలా ఉంది. తప్పని ముక్కు తప్పింది. ఆ మాట మామతో అనడం కంటే గోదాట్లో దూకడం నయమని, నాలుగు చోట్ల కొత్త టేపు చుట్టి, మోటరును మళ్లీ గోడ దాటించాడు. సార్, ఎల్లస్వామి కలిసి దాన్ని బిగించారు. నీళ్లు పోస్తేగానీ పంపు అందుకోదని భాను అంటే, క్యాన్‌లో ఉన్న చివరి మంచినీళ్లన్నీ అందులో పోశారు. మిద్దె మీద ట్యాంకుకు పోయే పైపు కలపడం ఇంకా మిగిలి ఉంది. సార్ స్విచ్ వేశాడు. మోటర్ పలకలేదు.

"కాయిల్ చల్లారాలె సార్," అన్నాడు భాను గోడ అవతలి నుంచి. "చల్లారినంక నడుస్తది."

"అవును, ఉష్ణ సమతాస్థితి రావాలె," అన్నాడు సార్. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. స్విచ్ అలాగే వేసి ఉంది.

స్నేహలత బిస్కెట్ పొట్లం తెచ్చింది. భాను చేతులకు గ్రీజు ఉందాయె. చాయ్‌లో ముంచి తనే నోట్లో పెట్టింది.

"ఇగ చాలు," అంటూ సావిత్రి వరండాలోకి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సార్, మీ డిగ్రీల ముచ్చట తర్వాత. మీ అల్లుని నంబరియ్యిర్రి. ఇంట్ల ఏం జరుగుతాందో ఆ ఇంజనీర్ సారుకు నేనే చెప్త. రేపు కాలనీల అనుకునేదానికన్న నయం."

పప్పు మాడి, నీళ్లు లేక, పొద్దుట్నుంచి అబద్ధాలు మోసి విసిగిపోయిన భారతి గడగడా నంబరు చెప్పేసింది. సావిత్రి నొక్కింది. గేటు అవతల ఫోన్ మోగింది. భాను గ్రీజు చేత్తోనే చెవికి పెట్టుకున్నాడు.

"హలో, భానుచందర్ మోటర్ వైండింగ్. చెప్పుర్రి, ఏం కాలింది?"

సావిత్రి ఫోన్ వైపు చూసింది, గేటు వైపు చూసింది, సార్ వైపు చూసింది. ఎల్లస్వామి కూడా సార్ వైపే చూశాడు. మల్లికార్జున్ సార్ ముందు ఇప్పుడు రెండే దారులున్నాయి. గేటు దగ్గరున్నది మెకానిక్ అయితే బిడ్డ పరువు పోతుంది. అల్లుడైతే శుభలేఖ పరువు పోతుంది. స్నేహలత బిస్కెట్ పొట్లం పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె చెవులు మాత్రం నాన్న వైపే ఉన్నాయి.

"ఆయన మా అల్లుడు," అన్నాడు సార్.

"మరి ఇంజనీరన్నరు?"

సార్ ఒక్క నిమిషం తన పేరు బోర్డు కేసి చూశాడు. అక్కడ సాయం చేసే అక్షరం ఒక్కటీ కనబడలేదు. "ఇంజనీర్ కాదు. మోటర్ మెకానిక్. మా అల్లుడు మోటర్ మెకానిక్," అన్నాడు. క్లాసులో చివరి బెంచీకి వినబడేలా చెప్పడం అలవాటున్న గొంతు కదా, వీధి చివరి దాకా వినబడింది.

"గంతేనా?" అంది సావిత్రి నీరసంగా. సాయంత్రం దాకా సరిపోయే కబురు చేతిలోంచి జారిపోతే ఎవరికైనా దిగులే.

"ముందుగాలనే చెప్పొచ్చు గద సార్," అన్నాడు ఎల్లస్వామి. "మోటర్ల భాను మామనంటే మీకు మా ఊళ్లె కుర్చీ ఏసేటోళ్లం."

స్నేహలత కాళ్లు నేల మీద లేవు. కోరింది దొరికాక దాచినది దగ్గరుంచుకోవడం దేనికని, పరుగున వంటింట్లోకి పోయి మెంతుల డబ్బాలో చెయ్యి పెట్టింది. ఎవరూ చూడకుండా వరండా బోర్డులో ఫ్యూజు గుచ్చింది. స్విచ్ వేసి ఉందనీ, పైపు కలపలేదనీ ఫిజిక్స్ పుస్తకంలో రాసి లేదు.

మోటర్ గర్జించింది. నీళ్లు నిలువెత్తున లేచి, ముందు సార్‌ను, తర్వాత సావిత్రి పట్టుచీరనూ తడిపి, గోడ దాటి భాను ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి.

"చూసినవా? సమతాస్థితి," అన్నాడు సార్, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"చల్లారితే నడుస్తదని నేను చెప్పలే మామయ్యా?" అన్నాడు భాను, చొక్కా పిండుకుంటూ.

ఎల్లస్వామి స్విచ్ ఆపి, సంశయంగా అడిగాడు. "ఇంతకు మా పిలగాన్ని దేంట్ల ఎయ్యాలె సార్?"

"డిగ్రీల ఎయ్యి. సెలవులల్ల మా అల్లుని షాపుకు తోలు," అన్నాడు సార్. ఈసారి 'మా అల్లుడు' అన్న మాట ఎవరూ అడగకుండానే వచ్చింది.

సాయంత్రం భారతి పులుసులోకి మెంతులు తీస్తుంటే, డబ్బాలో ఫ్యూజు తీగ కొసన విరిగిన చిన్న ముక్క తగిలింది. దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. తర్వాత బిడ్డను చూసింది. బిడ్డ గోడ మీది బల్లిని చూసింది.

"ఆషాఢం ఇంక సగమున్నది," అంది భారతి, తీగ ముక్కను కొంగున ముడేసుకుంటూ. "మోటర్ జోలికి పోకు. బరువు."

మరునాడు పొద్దున ఆ ఇంట్లో మిక్సీ తిరగలేదు. చదువు ఊరికే పోదని సార్ ఎప్పుడూ చెప్పేదే.