ప్రేమదాసు మాస్టారి జంట గీజర్లు

చీరాలలో ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన ప్రేమదాసు మాస్టారు ఆ ఉదయానికి వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి చర్చిలో కూతురు స్తుతి ప్రధానం. పిడుగురాళ్ల నుంచి ముందురోజే దిగిన మగపెళ్లివారు తొమ్మిదిమంది. డిసెంబరు చలి. అందరికీ వేడినీళ్లు అందాలని, పాత గీజరు పక్కన కొత్తది పెట్టించి రెండింటినీ కలిపించారు.

బిగించింది ప్లంబరు సుభానీ. బొమ్మ గీసిచ్చింది మాస్టారు. "మొదటి గీజరు నీళ్లు రెండోదాంట్లోకి పోవాలి. అక్కణ్ణుంచి ఇదిగో, ఈ పైపులోకి."

"అది చన్నీళ్ల లైను కదండీ?"

"ఒరేయ్, సైన్సు చెప్పింది నువ్వా, నేనా?"

సుభానీ పదో తరగతిలో ఆయన సబ్జెక్టే రెండుసార్లు తప్పినవాడు. చెప్పినట్టే బిగించి వెళ్లాడు.

ఏడున్నరకి కాబోయే వియ్యంకుడు సంజీవరావు స్నానానికి వెళ్లాడు. నిమిషం కాకముందే కేక. "అమ్మో, కాలిపోయాను!"

"ఎర్ర ట్యాపు కట్టేసి నీలంది తిప్పండి బావగారూ!" అని అరిచారు మాస్టారు.

"రెండూ ఒకేలా కాలుతున్నాయండీ!"

ఇంతలో మాస్టారి భార్య శాంతి వంటింట్లోంచి వచ్చింది. చేతిలో వాడి వేలాడుతున్న కొత్తిమీర కట్ట. "సింకులోనూ పొగలే! ఏం చేయించారండీ?"

"చెబుతూనే ఉన్నా, ఆ సుభానీగాడు వింటేగా!" అంటూ మాస్టారు మేడెక్కి ట్యాంకు వాల్వు కట్టేశారు.

నీళ్లు ఆగాయి. కళ్లనిండా సబ్బుతో సంజీవరావు నోరు బిగించుకుని తడుముకుంటున్నాడు. ఆ నిశ్శబ్దమే కొంప ముంచింది. ఆయన భార్య పరుగున వచ్చి తలుపు బాదింది. "అన్నయ్యగారూ, మనిషి పలకట్లేదు! కరెంటు కొట్టిందేమో! ప్రభువా, శుభమా అని వస్తే ఇదేం గతి!" పెళ్లికొడుకు పరిగెత్తి మెయిన్ ఆపేశాడు. గదిలో చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్న స్తుతి అలాగే కూలబడింది.

మేడ మీదున్న మాస్టారికి ఆ ఏడుపులు వినిపించాయి. సంబంధం పోయినట్టే అనుకున్నారు. కంగారులో వాల్వు మొత్తం తిప్పేశారు. కింద, గోడవైపు తిరిగి సబ్బు తుడుచుకుంటున్న సంజీవరావు నడుం మీద షవరులోంచి పొగలు కక్కే ధార పడింది. ఈసారి కేక వీధి చివరిదాకా వినిపించింది.

మాస్టారు దిగేసరికి తలుపు తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకున్న సంజీవరావు కల్లంలో ఆరబోసిన మిరపకాయలా ఉన్నాడు.

"బావగారూ, ఆ పైపులు బిగించిందెవరు?"

"సుభానీ అండీ. నాకేం సంబంధం లేదు."

"నంబరివ్వండి. నాలుగేళ్లుగా పట్టేసిన నడుం. ఇదిగో, చూడండి!" అంటూ ఆయన వంగి కాలి వేళ్లు ముట్టుకున్నాడు. "మా ఇంట్లోనూ అచ్చం ఇలాగే కలిపించాలి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "బిగించడం వాడిదేననుకోండి. డిజైను మాత్రం నాది."

ప్రధానం అనుకున్న వేళకే సలక్షణంగా జరిగింది. వచ్చినవాళ్లకు తాగడానికి మాత్రం పక్కింటి హనుమాయమ్మను అడిగి రెండు బిందెల చన్నీళ్లు తెచ్చుకున్నారు.